నాన్న సమాధి ఎవరు తవ్వారంటే

కిల్‌డరా, మాయో
మే నెల, ఆదివారం

చెల్లి గోరెట్టికి,

మీ అక్క కార్మెల్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా, నేనూ, మీ బావ ఓవెనూ తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు మాత్రం రేడియో కంటే ముందే వాన కబురు చెబుతున్నాయి. మీ ఆసుపత్రి దారి మళ్లీ తెరుచుకుందనీ, నీ జ్వరం పూర్తిగా తగ్గిందనీ చదివినప్పుడు అమ్మ ఆ ముక్క ఇంకోసారి చదవమంది. వరదకు దారి తెగిపోయి నాన్న ఆఖరి చూపుకు రాలేకపోయానని నువ్వు అన్నిసార్లు క్షమాపణ అడగక్కర్లేదు. ఏటికి వంతెన నువ్వు వేయలేవు కదా. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. మఠంలో చేరిన సిస్టర్ కదా, అక్కడ ప్రార్థన చేస్తోంది, అదే చాలు అన్నారందరూ.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. నాన్న చేతికర్ర పొరుగింటి మాలకీ బాబాయికి ఇచ్చాను. విరిగిన కాలు ఇంకా సరిగా కూడుకోలేదు, దాని సాయంతో నడుస్తున్నాడు. బారు ఓవెనే చూసుకుంటున్నాడు. వెనక షెడ్డులో శవపేటికలు చేసే పని మాత్రం ఆగిపోయింది. ఇప్పుడు చేసినవే తెప్పించుకుంటున్నాం. అవి నున్నగా, అద్దంలా ఉంటాయి. నాన్న చూసి ఉంటే, పెట్టెలో ముఖం చూసుకునే పని ఎవరికుందని అనేవాడు. మన ఎర్రావు దూడను వేసింది. పోస్టాఫీసు మూసేస్తారన్న పుకారు పుకారుగానే ఉంది. అందుకే ఈ ఉత్తరం నీకు చేరుతోంది.

సంఘం పని మానేస్తానన్నావు, మానేశావా అని అడిగావు. మానలేదు, ఇంకా కార్యదర్శినే. ఇంకా బారు మీద గదిలోనే ఆఫీసు. ఒక టేబులు, ఒక ఫోను, గోడకు దేశపటం. అంత్యక్రియలు జరిపించే కుటుంబాలు, సమాధుల తోటలు నడిపే కమిటీలు, కంపెనీలు, అందరూ మా సభ్యులే. అందరికీ నా మీద ఏదో ఒక కోపం. తోటవాళ్లు గేటు తెరవలేదని వీళ్లు ఫోన్ చేస్తారు. శవాన్ని ఆలస్యంగా తెచ్చి మమ్మల్ని వానలో నిలబెట్టారని వాళ్లు ఫోన్ చేస్తారు. మొన్న చలికాలంలో ఒక ఊళ్లో ఇదే వ్యాపారంలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు, ఒకే ముసలాయన అంత్యక్రియలు నాకంటే నాకని ఆయన గుమ్మం ముందే తగువుపడ్డారు. నేను వెళ్లి ఒకడికి పేటిక, ఒకడికి బండి పంచి వచ్చాను. ఆ సంగతి విని నాన్న భోజనం మానేసి నవ్వాడు. మన వృత్తిలో చచ్చినవాళ్లతో ఏ గొడవా ఉండదు, చందా కట్టిన వాళ్లతోనే అన్నాడు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన సంగతి. నాన్న సమాధి ఎవరు తవ్వారు, మనుషులా యంత్రమా అని. క్రిస్మస్ దాకా నాకూ నాన్నకూ మధ్య నలిగిన గొడవ నీకు తెలుసు కాబట్టి అడిగావు. తెలిసింది సగమే. మొత్తం చెబుతాను.

కిందటేడు ఆకులు రాలే కాలంలో పక్క ఊరి తోటలో గుంట తవ్వుతుంటే గోడ జారి మాలకీ బాబాయి నడుము దాకా కూరుకుపోయాడు. నేను వెళ్లేసరికి మనుషులు చేతులతో మట్టి లాగుతున్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది, అయినా ఎవరి బూట్లో తన వేళ్లు తొక్కుతున్నాయని విసుక్కుంటున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి సంఘం తరఫున నియమం రాశాను. ఛాతీ లోతు దాటితే శిక్షణ పొందిన మనిషే దిగాలి. గోడలకు పలకలు బిగించాలి. వీలైన ప్రతిచోటా యంత్రంతోనే తవ్వాలి. ఏప్రిల్ మహాసభలో ఓటుకు పెట్టేదాకా దాన్ని సలహాగా అందరికీ పంపాను. మా అధ్యక్షుడు హెగార్టీ, డబ్లిన్‌లో పెద్ద పెద్ద తోటలు నడిపే కంపెనీ ఆయనది, ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. శిక్షణకు ఆడమనిషి కూడా వెళ్లగలదని చూపించడానికి మొదటి తరగతిలో నేనే కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

నాన్న మాత్రం ఆ కాగితం చదివి మడిచి టీ కప్పు కింద పెట్టాడు. మన ఊళ్లో మనిషి చచ్చిపోతే ఇరుగుపొరుగు వచ్చి తవ్వుతారు, అది జీతానికి చేసే పని కాదు, ఆ మర్యాద నీ నియమంతో పోతుందన్నాడు. నేను మాలకీ కాలు గుర్తు చేశాను. ఆయన ఒప్పుకున్నాడు, తల ఊపాడు. ఆ తర్వాత అన్న మాట ఇది: "ఎవరికేం చేస్తావో నీ ఇష్టం. నన్ను మా అమ్మ సమాధిలోనే పెట్టండి. అక్కడికి యంత్రం రాకూడదు. మాలకీని పిలువు." మొండితనం అనుకున్నాను. అలాగేలే అనలేదు.

ఫిబ్రవరిలో నాన్న పోయాడు. ఎలా పోయాడో నీకు ఫోన్‌లో చెప్పాను. అశుభమని సోమవారం సమాధి తెరవరు కాబట్టి మంగళవారం పొద్దున్న తవ్వకం. నా సలహా కాగితాన్ని దేశమంతా పంపినదాన్ని, నా ఇంట్లోనే దాన్ని ఎలా తప్పుతాను? లారీ మీద చిన్న తవ్వే యంత్రాన్ని తెప్పించాను. తెల్లారేసరికి అది తోట గేటు దగ్గర ఉంది. గేటుకు అవతల మాలకీ బాబాయి, ఆయన ఇద్దరు కొడుకులు, ఇంకో ఇద్దరు పొరుగువాళ్లు, భుజాన పారలు. ఎవరూ పిలవలేదు. పిలిస్తే వచ్చేది కాదు కదా అది.

"ఆ పచ్చ జంతువు ఎవరి కోసమే పిల్లా?" అన్నాడు మాలకీ బాబాయి.

"నాన్న కోసమే. కాలు విరగ్గొట్టుకున్న నువ్వు కూడా అడుగుతావేంటి బాబాయ్?"

"నా కాలు నా పొరుగువాడి గుంటలో విరిగింది. దాని మీద నేనేమైనా ఫిర్యాదు చేశానా? కాగితం రాసింది నువ్వు." కర్రను నేలకు ఆనించి నిలబడ్డాడు. "మీ నాన్న మా అమ్మకి తవ్వాడు, మా అన్నకి తవ్వాడు. ఇవాళ మేం టోపీలు చేత పట్టుకుని ఇంజను చప్పుడు వినాలా?"

లారీ డ్రైవరు సిగరెట్ వెలిగించుకుని నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. గోరెట్టీ, నాకు అప్పుడు నియమం గుర్తు రాలేదు, ఆయన వేళ్లు తొక్కుతున్న బూట్లు గుర్తొచ్చాయి. ఆయన్ని లాగినవాళ్లూ వీళ్లే. లారీని వెనక్కి పంపేశాను. ఛాతీ లోతు దాకా మీరు తవ్వండి, పలకలు బిగిద్దాం, అక్కణ్ణుంచి నేను దిగుతాను, సర్టిఫికెట్ ఉన్నది నా ఒక్కదానికే అన్నాను.

మాలకీ పెద్ద కొడుకు నవ్వాపుకోలేకపోయాడు. "కాగితాలు తవ్వే చేతులకి బొబ్బలొస్తాయి కార్మెల్. ఆడమనిషి గుంటలో దిగడం ఎవరైనా విన్నారా?"

"ఇవాళ విన్నావుగా. ఇంటికెళ్లి చెప్పు."

మిగతావాళ్లు నవ్వారు. మాలకీ బాబాయి నవ్వలేదు. "నువ్వా దిగేది?" అన్నాడు. ఒక అడుగు ముందుకు వేసి, "నువ్వెందుకు, నేను దిగుతా" అన్నాడు. ఆ కాలితోనా అని అంటే సమాధి అంచున గోనె పరుచుకుని కూర్చున్నాడు. చలికి అలా ముడుచుకుపోయాడనుకున్నాను.

వాళ్లు సరదాగానే తవ్వారు. నాన్న గురించి చెప్పుకుంటూ తవ్వారు. పెళ్లికి తీసుకెళ్లాల్సిన కారుకు బదులు శవాల బండి తెచ్చి పెళ్లికూతుర్ని అందులో చర్చికి చేర్చిన రోజు గురించి, బారులో ఎవరినీ బాకీ అడగలేక తనే పక్కకు తిరిగి నిలబడే అలవాటు గురించి. ఛాతీ లోతు వచ్చింది. పలకలు బిగించాం. నేను స్కర్టు మీద ఓవెన్ ప్యాంటు తొడుక్కుని దిగాను. నల్లని తడి మట్టి, మన వైపు నేల ఎలా ఉంటుందో నీకు తెలుసు, వెన్నలా తెగుతుంది. లోపల గాలి లేదు. చప్పుడు లేదు. నా ఊపిరే నాకు వినిపించింది.

ఇక్కడిదాకా రాసి లేచి టీ పెట్టుకున్నాను. ఈ తర్వాతది నీకు రాయాలా వద్దా అని ఫిబ్రవరి నుంచి ఆలోచిస్తున్నాను. నీ మనసులో ఉన్న విశ్వాసం ఏదైనా దీనివల్ల కదులుతుందేమో అని నా భయం. మీ ఆసుపత్రిలో ఊపిరి అందని పసివాళ్ల నుదుటి మీద నువ్వే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇస్తానని ఒకసారి రాశావు. ఆ ఉత్తరం చదువుతుంటే అమ్మ మధ్యలో లేచి ఆవు దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

పారకు చెక్క తగిలింది. నాయనమ్మ పేటిక ఉండాల్సిన లోతు అది కాదు, ఇంకా చాలా పైన. మాలకీ బాబాయి మెల్లిగా, "ఆగు. పార పైకి ఇచ్చెయ్" అన్నాడు. తర్వాత కొడుకులతో, వెళ్లి గోడ అవతల సిగరెట్ కాల్చుకోండి, నేను పిలిచేదాకా రావద్దు, వీళ్లిద్దర్నీ తీసుకుపొండి అని పొరుగువాళ్లను కూడా పంపేశాడు. వాళ్లు గోడ దాటేదాకా చూశాడు. "ఇప్పుడు చేత్తో తీయి పిల్లా. నిదానంగా."

తీశాను. చిన్న పెట్టె. నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉంటుంది, అంతే. ఓక్ చెక్క, లోపలా బయటా తారు పూసింది, అందుకే ఇన్నేళ్లూ నిలిచింది. కీళ్లు బిగించిన తీరు చూడగానే నాన్న చేతిపని అని తెలిసిపోయింది. రెండు పక్కలా రెండు ఇత్తడి పిడులు. మన వంటింటి బీరువాలో కింది రెండు సొరుగులకు పిడులు ఉండేవి కావు, తాడు ముడేసి లాగేవాళ్లం, గుర్తుందా? ఆ పిడులే అవి.

నేను పైకి చూశాను. మాలకీ బాబాయి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మగపిల్లాడు," అన్నాడు. "నీకంటే ముందువాడు. మీ అమ్మకి మొదటి కాన్పు. పుట్టేసరికే ఊపిరి లేదు. నీళ్లు పోసే వేళ కూడా దొరకలేదు."

తర్వాత ఆయన చెప్పినదంతా కలిపి రాస్తాను. అప్పటి ఫాదర్, జ్ఞానస్నానం లేని బిడ్డకు పవిత్ర భూమిలో చోటు లేదన్నాడట. సముద్రపు గట్టు మీద రాళ్ల దిబ్బ ఉంది కదా, అలాంటి పసివాళ్లను పెట్టే చోటు, మనల్ని చిన్నప్పుడు ఆడుకోనిచ్చేవాళ్లు కాదు, అక్కడ పెట్టమన్నాడట. నాన్న సరే అన్నాడు. పట్టపగలు పార భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా గట్టుకు వెళ్లి, ఓ మూల మట్టి కదిపి పైన రాళ్లు పేర్చి వచ్చాడు. మర్నాడు పాలు పితికే వేళకు ముందు, ఈ పెట్టె కోటు కింద పెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. నాయనమ్మ పోయి అప్పటికి కొన్ని వారాలే అయింది, ఆమె మీది మట్టి ఇంకా గుల్లగానే ఉంది. మాలకీ బాబాయి గేటు దగ్గర కాపలా కాశాడు.

"అమ్మకి తెలుసా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెబితే ఇక్కడికొచ్చి ఏడుస్తుంది. ఏడిస్తే ఫాదర్ కనిపెడతాడు. కనిపెడితే తవ్వించి బయట పడేయిస్తాడు. మొదట ఆ భయం. ఆ ఫాదర్ పోయాడు, నియమాలూ పోయాయి. అప్పటికి చెప్పే వేళ దాటిపోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు మీ నాన్నకి." టోపీని మోకాలి మీద అటూ ఇటూ తిప్పాడు. "ఈ గుంటలో నేను దిగాలని మా ఇద్దరి ఒప్పందం. నా కాలు విరుగుతుందని ఆయన అనుకోలేదు. నువ్వు దిగుతావని అసలు అనుకోలేదు."

నేను ఆ తడి మట్టిలోనే కూర్చుండిపోయాను. మనకు ఒక అన్నయ్య ఉన్నాడు గోరెట్టీ. ఆదివారం పూజ అయ్యాక అమ్మ ఒక్కతే గట్టు వైపు నడిచి వెళ్లేది, గాలి పీల్చుకోవడానికి అని మనకు చెప్పేది. మనం వెంటపడితే కసిరేది. ఆ నడకంతా కింద ఏమీ లేని రాళ్ల దగ్గరికి.

అమ్మకు చెప్పకుండా ఉండడం నా వల్ల కాలేదు. చెప్పకపోతే నాన్న చేసిన పనే నేనూ చేసినదాన్నవుతాను. ఇంటికి వచ్చేసరికి వంటింట్లో ఆడవాళ్లందరూ చూడవచ్చేవాళ్ల కోసం రొట్టెలు కోస్తూ, పందిమాంసం ముక్కలు పెడుతూ ఉన్నారు. అమ్మను వెనక గదిలోకి పిలిచి, నిలబడే చెప్పాను. అమ్మ కోటు తొడుక్కుంది. వెనక తలుపు గుండా ఇద్దరం తోటకు నడిచాం.

పెట్టెను మాలకీ బాబాయి తన కోటు మీద పెట్టి ఉంచాడు. అమ్మ మోకాళ్ల మీద వంగలేక పక్క సమాధి రాయి మీద కూర్చుంది. చేయి చాచి మూత మీద పెట్టింది. వేలితో పిడిని తడిమింది.

"ఈ పిడులు నావి," అంది. తర్వాత నన్ను కాదు, మాలకీని చూస్తూ, "ఇన్నేళ్లూ నన్ను ఉత్త రాళ్ల దగ్గరికి నడవనిచ్చారా ఇద్దరూ?" అంది. ఆయన పెట్టె కిందున్న కోటు మడత సరిచేశాడు.

తిరిగి ఎక్కడ పెట్టమంటావని నేను అడిగాను. నాన్న తల వచ్చే వైపు గోడలో అర తొలవమంది. "ఆయన చెవి దగ్గర పెట్టు. ఏడిస్తే వినపడాలి." తొలిచాను, పెట్టాను, ముందు ఒక పలక నిలబెట్టి మట్టి కప్పాను. మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి గుంట మామూలుగానే ఉంది. మర్నాడు భూస్థాపన వేళ అమ్మ కంట ఒక్క చుక్క రాలేదు. పాపం, దుఃఖంతో రాయి అయిపోయిందని ఊరంతా అనుకున్నారు. అది కోపం గోరెట్టీ. ఆమె చేయి పట్టుకుని నిలబడ్డదాన్ని నాకు తెలుసు. పవిత్ర జలం చల్లమని ఫాదర్ అందిస్తే, ముందు గుంట గోడ వైపు చల్లింది, తర్వాత నాన్న మీద.

ఏప్రిల్‌లో మహాసభ ఆత్లోన్‌లో, నది పక్కన హోటల్లో. నేను కొత్త నియమం రాసుకుని వెళ్లాను. పొరుగువాళ్లు తవ్వవచ్చు, పక్కన శిక్షణ ఉన్న మనిషి ఉండాలి, సంఘమే ఊరూరా శిక్షణ ఇస్తుంది. పలకలు తప్పనిసరి. పాత కుటుంబ సమాధి తెరిచేటప్పుడు యంత్రం వాడకూడదు, చేతి పనే. లోపల ఎవరూ చెప్పనిది ఏదైనా కనిపిస్తే పని ఆపి, ఇంటివాళ్లకు మాత్రమే, చాటుగా చెప్పాలి.

హాలంతా గుసగుసలు. హెగార్టీ కళ్లజోడు తుడుచుకుంటూ లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనిషి ప్రాణం పోతే తోట నడిపేవాడే జైలుకెళ్లాలి, ఆ భయం నిజమైనదే.

"కార్యదర్శి గారూ, మీ నాన్నగారు పోయిన బాధలో ఉన్నారు, మాకందరికీ ఆయనంటే గౌరవం. కానీ మొన్న యంత్రం అన్నారు, ఇవాళ చేయి అంటున్నారు. కారణం చెప్పండి, చాలు."

కారణం నా దగ్గర ఉంది. అది అమ్మది. చెప్పడానికి నన్ను ఎవరూ అనుమతించలేదు. మైకు ముందు నిలబడి కాగితాన్ని చూస్తూ ఉండిపోయాను. వెనక ఎవరో, ఆడవాళ్లకి కార్యదర్శి పదవి ఇస్తే ఇంతే అని గొణిగారు, వినపడింది.

అప్పుడు లీట్రిమ్ నుంచి వచ్చిన బాటీ షాన్లీ లేచాడు. మూడు తరాలుగా అదే పని చేస్తున్న ఇల్లు వాళ్లది. సభల్లో నిద్రపోవడమే తప్ప నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ అమ్మాయిని వదిలెయ్యండి. కారణం మనందరికీ తెలుసు," అన్నాడు. "మా ఊళ్లో ఒక ఇంటివాళ్ల సమాధి తెరిస్తే బూట్ల పెట్టె తగిలింది నాకు."

కూర్చున్నాడు. క్లేర్ నుంచి వచ్చినాయన టేబులు మీది గుడ్డను సర్దుతూ, "మాకు బిస్కెట్ల డబ్బా," అన్నాడు. ఇంకెవరో సబ్బుల పెట్టె అన్నారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలాయన, తువ్వాలు, ఉత్త తువ్వాలు అన్నాడు. అందరూ తలలు దించుకునే చెబుతున్నారు. ఎదురెదురు దుకాణాల వాళ్లు, ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లు, ఒకళ్ల సంగతి ఒకళ్లకు తెలియదు. ప్రతివాడూ చూశాడు, మళ్లీ మట్టి కప్పేశాడు, ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. పేటికలు అమ్మేవాళ్లకూ తోటలు నడిపేవాళ్లకూ మధ్య తగువులు తీర్చే పనే సంఘం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకే రహస్యాన్ని ఇంతమంది ఒంటరిగా మోస్తున్నారని నాకు ఆ రోజుదాకా తెలియదు.

ఆఖరున హెగార్టీ మాట్లాడాడు. "యంత్రం తగిలితే ఏం మిగులుతుందో నేను చూశాను. మా తోటలోనే. ఆ ఇంటివాళ్లకి నేను చెప్పలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఓటు అక్కర్లేదు. రాసుకోండి."

రాసుకున్నాను. ఇప్పుడది నియమం. ఇంటికొచ్చి అమ్మకు సభలో జరిగిందంతా చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు కదా అని నిర్ధారించుకుంది. తర్వాత, "అంతమంది ఉన్నారా," అంది.

అమ్మ ఇప్పటికీ ఆదివారాలు గట్టుకు వెళుతూనే ఉంది. ఎందుకమ్మా అంటే, "వీడికి మీ నాన్న ఉన్నాడు. అక్కడున్న మిగతా పిల్లలకి ఎవరున్నారు?" అంది. ఇప్పుడు నన్ను వెంట రానిస్తోంది. నాన్న మీద కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. పొద్దున్న ఆయన గురించి బాగా మాట్లాడుతుంది, మధ్యాహ్నానికి సొరుగు లాగేటప్పుడు మళ్లీ గుర్తొస్తుంది. మాలకీ బాబాయితో మొన్న మొదటిసారి మాట్లాడింది. టీలో చక్కెర ఎంత అని.

సమాధి రాయి మీద నాన్న పేరు చెక్కించాలి. దాని కింద ఇంకో పేరు కూడా ఉండాలంది అమ్మ. ఫింటన్ అట. కడుపులో ఉండగానే పెట్టుకున్న పేరు. నాన్నకు కూడా చెప్పలేదట, పుట్టాక చెబుదామని. ఇప్పటి ఫాదర్‌ను అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు, నన్ను అడగాల్సిన పని కూడా లేదమ్మా అన్నాడు. శిల్పిని రమ్మన్నాను. వచ్చాడు. అమ్మ అతన్ని ఇంకా ఆగమంది.

ఆ రాత్రి కాదు, మర్నాడు గిన్నెలు తుడుస్తూ, ఎందుకు ఆగమందో చెప్పింది. నీ గురించి గోరెట్టీ. నువ్వు సెలవుల మీద ఇంటికి వచ్చినప్పుడల్లా నిన్ను ఒకటి అడగాలనుకునేదట. ధైర్యం చాలక రొట్టె కోసిపెట్టి, వెన్న రాసిపెట్టి ఊరుకునేదట. నువ్వు దేవుడి ఇంటి పిల్లవు, తప్పుగా అనుకుంటావేమోనని. "నీళ్లు పోయకుండా పోయినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడంటుందో దాన్ని అడుగు," అంది నాతో. "పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. ఫాదర్ ఏమన్నాడో విన్నాను. అది ఏమనుకుంటుందో కావాలి నాకు, రాయి చెక్కించే ముందు."

అందుకే ఇదంతా రాశాను. నీ మనసు ఎలా ఉంటుందో ఇక్కణ్ణుంచి నేను చూడలేను. నీకు కోపం వస్తే నా మీద చూపించు, వేరే కాగితం మీద. అమ్మకు మాత్రం విడిగా రాయి. నీ ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపిస్తాను కదా, ఈ ఒక్కటి తనే చదువుకుంటానంది. చూపు బాగా తగ్గింది, పెద్ద అక్షరాలతో రాయి. ఎక్కువ అక్కర్లేదు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
అక్క కార్మెల్